కొలిమి ప్రక్కన పుట్టిన విద్యుచ్ఛకటము

ఈనాడు మన పట్టణములలో ఏ వీధి మలుపున నిలిచి చూచినను, చప్పుడు లేక, పొగ లేక మనలను దాటిపోవు బండ్లు అప్పుడప్పుడు కంటబడుచున్నవి. ఆటోలు, స్కూటర్లు, కార్లు ఒక్కొక్కటిగా చమురును విడిచి విద్యుత్తును ఆశ్రయించుచున్నవి. పెద్ద కర్మాగారముల మాట అటుండగా, పాత బండిలోని ఇంజనును ఊడదీసి, దాని స్థానములో మోటారును, బ్యాటరీని అమర్చి, ఇంటి పెరటిలోనే విద్యుచ్ఛకటమును సిద్ధము చేసుకొను యువకులును ఉన్నారు. అట్టివారిని చూచి ఇరుగుపొరుగువారు నవ్వుట కలదు. ఇంటివారు ఖర్చు లెక్క చూచుకొని నిట్టూర్చుటయు కలదు.

ఈ నవ్వు, ఈ నిట్టూర్పు క్రొత్తవి కావు. ఇంచుమించు 190 సంవత్సరములకు పూర్వము అమెరికాలోని ఒక పల్లెలో, ఒక కమ్మరి ఇంట, ఇవి రెండును వినబడినవి. ఆ కమ్మరి పేరు థామస్ డేవెన్‌పోర్ట్. విద్యుత్తుతో చక్రమును త్రిప్పి, ఆ చక్రముతో చిన్న బండిని నడిపించి చూపిన తొలి మనుష్యులలో ఆయన ఒకడు. ఆయన బ్రదికినంత కాలమును ఆ బండి ఆయనకు కూడు పెట్టలేదు. ఒక పని ఫలింపకపోయినంత మాత్రమున ఆ పని తప్పని తేల్చవచ్చునా? అందులో చేసినవాని పొరపాటెంత, కాలము చేసిన లోపమెంత? ఈ ప్రశ్నను మనస్సులో నిలుపుకొని ఆయన జీవితమును పరిశీలింతము.

థామస్ డేవెన్‌పోర్ట్ 1802 జూలై 9వ తేదీన, అమెరికా సంయుక్త రాష్ట్రములకు ఈశాన్యమున నున్న వెర్మాంట్ రాష్ట్రములో, విలియమ్స్‌టౌన్ అను గ్రామమున పుట్టినాడు. అది కొండల సీమ. చలికాలము దీర్ఘము. సేద్యము చేసుకొని బ్రదుకు కుటుంబము వారిది. బాలునకు పదేండ్ల ప్రాయముననే తండ్రి గతించినాడు. పదునాలుగవ యేట ఆ బాలుడు ఒక కమ్మరి వద్ద పని నేర్చుకొనుటకు కుదిరినాడు. ఒప్పందము ఏడు సంవత్సరములకు. తిండి, బస యజమానివి. ఏడాదికి ఆరు వారములు మాత్రము పల్లెబడికి పోవచ్చును.

ఏడాదికి ఆరు వారముల చదువు! ఆయనకు లభించిన బడిచదువు దాదాపు అంతయే. తక్కిన వారములన్నియు కొలిమి తిత్తి, సమ్మెట, పట్టుకారు, దాగలి ఇవియే ఆయనకు గురువులు. అయినను ఆ గురువులు చెప్పిన పాఠము తక్కువది కాదు. ఏ ఇనుము మెత్తనిది, ఏది పెళుసుది, ఎంత కాకకు ఎట్టి రంగు తేలును, కాలిన కడ్డీని ఎప్పుడు వంచవలెను, ఎప్పుడు ముంచవలెను అను జ్ఞానమంతయు ఆయన చేతులలో కుదురుకొన్నది. ముందు ముందు ఆయనకు అక్కరకు వచ్చినది ఈ చేతుల చదువే.

పని నేర్చుట ముగిసిన పిమ్మట, 1823లో, ఆయన అదే రాష్ట్రములోని బ్రాండన్ పట్టణమునకు చేరువ నున్న ఫారెస్ట్‌డేల్ అను పల్లెలో సొంత కొలిమి పెట్టుకొన్నాడు. గుర్రములకు లాడములు కొట్టుట, నాగళ్ళు, బండి కట్లు బాగుచేయుట ఆయన వృత్తి. చేతినిండ పని, ఊరిలో మంచి పేరు కలిగినవి. 1827లో ఎమిలీ గాస్ అను కన్యను వివాహమాడినాడు. ఆమె ఆ ప్రాంతమున వ్యాపారము చేయు ఒక గృహస్థుని కుమార్తె. చదువుకొన్నది, నిదానము గలది. 1833వ సంవత్సరమే రాకుండినచో ఆ దంపతులు పల్లెలో సుఖముగా బ్రదికి, పేరు మిగులకుండ కాలగర్భమున కలిసియుందురు.

ఆ సంవత్సరమున జరిగినదానిని తెలిసికొనుటకు ముందు, విద్యుదయస్కాంతము అనగా ఏమో ఒకింత జ్ఞాపకము చేసికొనవలెను. మెత్తని ఇనుప కడ్డీని గుర్రపు లాడమువలె వంచి, దాని చుట్టును రాగితీగను అనేకసార్లు చుట్టి, ఆ తీగలో విద్యుత్తును పారించినచో ఆ ఇనుము అయస్కాంతమగును. ప్రవాహము ఆగినచో ఆ శక్తియు ఆగును. 1825లో ఇంగ్లండున విలియం స్టర్జన్ దీనిని మొదట చేసి చూపినాడు. తరువాత అమెరికాలో జోసెఫ్ హెన్రీ అను ఆచార్యుడు ఇనుముపై కాక తీగపైననే తొడుగు వేసి, పొరమీద పొరగా దట్టముగ చుట్టినచో అయస్కాంతపు బలము అనేక రెట్లు పెరుగునని కనిపెట్టినాడు. తొడుగు లేని తీగలు ఒకదానినొకటి తాకినచో ప్రవాహము చుట్టు తిరుగక అడ్డదారిన పోవును. ఆ తొడుగు సంగతి మన కథలో ముఖ్యమైనది.

వెర్మాంట్‌కు పడమట షాంప్లేన్ అను పెద్ద సరస్సు కలదు. దానికి ఆవలి యొడ్డున, న్యూయార్క్ రాష్ట్రములోని క్రౌన్ పాయింట్ వద్ద, ఒక ఇనుప కర్మాగారము ఉండెడిది. అచట ముడి ఖనిజమును పొడిచేసి, అందలి ఇనుప రేణువులను అయస్కాంతపు మేకులు గల పీపాలతో వేరుచేయుచుండిరి. ఆ మేకులకు అయస్కాంతశక్తిని ఎక్కించుటకు హెన్రీ పద్ధతిని చేయబడిన విద్యుదయస్కాంతమును వారు తెప్పించుకొన్నారు. అది కమ్మరి దాగలిని సైతము గాలిలో వ్రేలాడదీయగలదను వార్త ఊరూర ప్రాకి డేవెన్‌పోర్ట్ చెవిని పడినది. దాగలి బరువు కమ్మరికి తెలిసినట్లు మరెవ్వరికి తెలియును? ఆయన సుమారు 25 మైళ్ళు ప్రయాణము చేసి ఆ వింతను చూచుటకు పోయినాడు.

చూచినవారందరును ఆశ్చర్యపడినారు. డేవెన్‌పోర్ట్ ఆశ్చర్యపడి ఊరకుండలేదు. కొన్ని కప్పుల ఆమ్లము, రెండు లోహపు రేకులు, ఒక తీగ చుట్ట ఇంత బరువును లేపగలిగినప్పుడు, ఆ బలమును ఆగి ఆగి ప్రయోగించినచో చక్రమును ఏల త్రిప్పరాదు, ఆవిరియంత్రము చేయు పనిని ఇది ఏల చేయరాదు అని ఆయన ఆలోచించినాడు. ఆనాడు ఆవిరి బాయిలర్లు పగిలి మనుష్యులు చచ్చుట తరచుగా జరుగుచుండెడిది. నిప్పు లేని, పేలుడు లేని శక్తి ఒకటి కంటి యెదుట నిలిచినట్లు ఆయనకు తోచినది.

ఆ అయస్కాంతమును కొనవలెనని సంకల్పము కలిగినది, కాని అందుకు తగిన ధనము చేత లేదు. ఆయన సోదరుడు బండిపై సరకు వేసుకొని ఊరూర తిరిగి అమ్ముకొను వర్తకుడు. డేవెన్‌పోర్ట్ ఆయనను ఒప్పించి, బండిలోని సరకును వేలము వేయించినాడు. బండికి కట్టిన మంచి గుర్రమును ఇచ్చి, తక్కువరకపు గుర్రమును తీసికొని, మిగిలిన సొమ్మును కూడ చేర్చి, అయస్కాంతమును కొన్నాడు. ఇనుము కొని తెచ్చి కుటుంబమును పోషింపవలసినవాడు, దేనికి పనికివచ్చునో ఎవ్వరికిని తెలియని ఒక తీగచుట్టను పట్టుకొని ఇంటికి తిరిగివచ్చినాడు. గుర్రము పోయెను, సరకు పోయెను. ఊరివారు నవ్విరనిన వింతయేమి?

ఇంటికి వచ్చిన పిదప ఆయన చేసిన మొదటి పని, అంత వెలపెట్టి తెచ్చిన ఆ వస్తువును విప్పివేయుట. అయస్కాంతము ఎట్లు పనిచేయునో తెలుపు పుస్తకము ఇంటలేదు, చెప్పువారు ఊరలేరు. కావున తీగను ఒక్కొక్క చుట్టుగా విప్పుచుండగా, ఎమిలీ ప్రక్కన కూర్చుండి, ఏ చుట్టు ఎటు తిరిగినది, ఏ పొరపై ఏ పొర వచ్చినది, ఎచట ముడిపడినది అని వరుసగా వ్రాసికొన్నది. ఆ వ్రాతయే వారికి పాఠ్యగ్రంథమయినది. ఒక వస్తువును తెలిసికొనుటకు దానిని విప్పవలెను, విప్పునప్పుడు వ్రాసికొనవలెను, మరల కట్టి చూచుకొనవలెను అను ప్రయోగశాల క్రమమును ఆ దంపతులు ఎవ్వరును చెప్పకయే పాటించినారు.

తరువాత డేవెన్‌పోర్ట్ తన కొలిమిలోనే మెత్తని ఇనుమును కాచి, కొట్టి, వంచి, తెచ్చినదానికంటె పెద్ద లాడమును తయారు చేసినాడు. ఉక్కును వాడినచో ఒకసారి ఎక్కిన అయస్కాంతశక్తి దిగదు. ప్రవాహము ఆగినవెంటనే శక్తిని విడుచుటకు మెత్తని ఇనుమే తగినది. ఇక తీగ. తీగకు తొడుగు కావలెను. తొడుగు వేసిన తీగ ఆ కాలమున దుకాణములలో దొరకునది కాదు. పట్టుగుడ్డ విద్యుత్తును పారనీయదు, కాని కమ్మరి ఇంట పట్టెక్కడిది? ఇంటనున్నది ఒకే పట్టువస్త్రము, ఎమిలీ పెండ్లినాడు ధరించిన ఉడుపు. ఆమె దానిని తీసి, సన్నని పేలికలుగా చించి ఇచ్చినది. ఆ పేలికలు చుట్టిన తీగతోనే వారి మొదటి అయస్కాంతములు తయారైనవి.

ఈ సంఘటనమును కొందరు భార్యాత్యాగమునకు నిదర్శనముగా మాత్రము చెప్పి విడుతురు. అది చాలదు. తీగను విప్పునప్పుడు వ్రాసికొన్నది ఆమెయే. తీగకు తొడుగు ఏల కావలెనో ఎరిగి, ఇంటనున్న వస్తువులలో ఏది అందుకు తగునో తేల్చి ఇచ్చినదియు ఆమెయే. దానిని త్యాగమని పిలుచుటకంటె ప్రయోగములో భాగస్వామ్యమని పిలుచుట న్యాయము.

1834వ సంవత్సరమంతయు ఈ కృషిలోనే గడచినది. ఆరెంజ్ స్మాలీ అను సాటి పనివాడు కొంతకాలము ఆయనతో కలిసి పనిచేసినాడు. వారికి ఎదురైన చిక్కు ఇది. ఒక చక్రమునకు విద్యుదయస్కాంతమును బిగించి, దాని ప్రక్క మరియొకదానిని కదలకుండ నిలిపినచో, విజాతి ధ్రువములు ఒకదానినొకటి లాగుకొనును. చక్రము కొంత తిరుగును. ధ్రువములు ఎదురెదురుగా రాగానే ఆ లాగుడే దానిని పట్టి ఆపివేయును. కలిపిన శక్తియే సంకెల యగును. సరిగా ఆ క్షణమున ప్రవాహపు దిక్కును మార్చినచో ధ్రువము మారి, అంతవరకు లాగినది త్రోయనారంభించును. చక్రము ముందునకు సాగును. మరల ఎదురైనప్పుడు మరల మార్చవలెను. ఈ మార్పును మనిషి చేతితో చేయలేడు. తిరుగు ఇరుసే తన్ను తాను త్రిప్పుకొనుటకు తగినట్లు మార్చుకొనవలెను. ఇరుసుపై లోహపు ముక్కలను అమర్చి, అవి తిరుగుచు తీగల కొనలను ఒకసారి ఇటు, ఒకసారి అటు తాకునట్లు డేవెన్‌పోర్ట్ ఏర్పాటు చేసినాడు. దీనినే ఈనాడు కమ్యుటేటరు అందురు. 1834 జూలైలో ఆయన చిన్న చక్రము ఆగకుండ తిరిగినది.

తాను చేసినదానికి పేరు ఆయనకు తెలియదు. తన యంత్రములోని భాగములను శాస్త్రజ్ఞులు ఏమందురో తెలియదు. ఆ సంవత్సరాంతమున దానిని తీసికొని సమీపమున నున్న మిడిల్‌బరీ కళాశాలకు పోయి, టర్నర్ అను ఆచార్యునకు చూపినాడు. ఆయన చూచి, అది నూతనమైనదని, పేటెంటు హక్కును పొందదగినదని గుర్తించి ప్రోత్సహించినాడు. విద్యావంతుడు చదువు తక్కువవానిని చిన్నచూపు చూడక, వాని చేతిపనిలోని శాస్త్రమును కనిపెట్టి చెప్పుట గురుస్థానమున నున్నవారు మరువరాని సంగతి.

1835లో డేవెన్‌పోర్ట్ మరియొక అడుగు వేసినాడు. గుండ్రని చిన్న పట్టాల దారిని నిర్మించి, దానిపై తన మోటారుతో నడచు చిన్న బండిని అమర్చినాడు. గుర్రము లేదు, నిప్పు లేదు, ఆవిరి లేదు. బండి దానంతట అదే చుట్టును తిరుగుచున్నది. బొమ్మయంత బండియే, కాని నేటి విద్యుచ్ఛకటమునకు ఆధారమైన సూత్రమంతయు అందున్నది. స్ప్రింగ్‌ఫీల్డ్, బోస్టన్ నగరములలో దానిని ప్రజలకు ప్రదర్శించినాడు. జనులు వచ్చి చూచినారు, మెచ్చినారు, వెళ్ళినారు. మెప్పు లభించినంత సులభముగ ధనము లభింపలేదు.

న్యాయము కొరకు ఒక మాట చెప్పవలెను. విద్యుత్తుతో చక్రమును త్రిప్పుట అను ఆలోచన ఆయన ఒక్కనికే తట్టినది కాదు. హంగరీలో ఆన్యోష్ యెడ్లిక్ అను ఆచార్యుడు 1828 నాటికే చిన్న మోటారుతో చిన్న బండిని నడిపినాడు. 1834లోనే ప్రష్యాలో మోరిట్స్ యాకోబి మోటారును నిర్మించినాడు. ఈ వార్తలేవియు వెర్మాంట్ కొండలలోని కమ్మరికి చేరలేదు. ఆయన తన త్రోవను తానే త్రవ్వుకొన్నాడు.

పేటెంటు కొరకు వాషింగ్టన్ నగరమునకు బయలుదేరినాడు. దారిలో శాస్త్రజ్ఞులకు యంత్రమును చూపి వారి అభిప్రాయములను సేకరించినాడు. జోసెఫ్ హెన్రీని సైతము కలిసికొన్నాడు. నగరము చేరునప్పటికి చేతిలోని పైకము కరిగిపోయి, వచ్చినపని కాకయే తిరిగి రావలసి వచ్చినది. ట్రాయ్ నగరములోని రెన్సెలేర్ విద్యాసంస్థకు ఆయన యంత్రమొకటి అమ్ముడుపోవుట ఆ దినములలో దొరికిన కొలది ఊరట. తరువాత సరటోగా స్ప్రింగ్స్ వాసియగు ర్యాన్సమ్ కుక్ అను నేర్పరియైన పనివాడు ఆయనతో భాగస్వామిగా చేరినాడు. వారిరువురు కలిసి యంత్రమును మెరుగుపరచి, నమూనాను, దరఖాస్తును పేటెంటు కార్యాలయమునకు పంపినారు.

అంతలో 1836 డిసెంబరు 15వ తేదీన ఆ కార్యాలయము అగ్నికి ఆహుతియైనది. వేలకొలది నమూనాలు, పత్రములు బూడిదయైనవి. అందు డేవెన్‌పోర్ట్ నమూనాయు కాలిపోయినది. నిప్పులో పనిచేసి బ్రదికినవానికి నిప్పే శత్రువైనది. ఆయన క్రుంగలేదు. మరల నమూనాను చేసినాడు, మరల దరఖాస్తు వ్రాసినాడు. 1837 ఫిబ్రవరి 25వ తేదీన 132వ సంఖ్యతో పేటెంటు ఆయనకు లభించినది. అమెరికాలో విద్యుత్తు మోటారునకు ఇయ్యబడిన మొదటి పేటెంటు అదియే. దానిపై థామస్ పేరు గలదు. ఎమిలీ పేరు లేదు.

ఆ యేటనే యేల్ కళాశాలలోని ప్రసిద్ధ ఆచార్యుడు బెంజమిన్ సిలిమాన్ తన శాస్త్రపత్రికలో ఈ యంత్రమును గూర్చి ఆదరముతో వ్రాసినాడు. కీర్తి వచ్చినది. డేవెన్‌పోర్ట్, కుక్ న్యూయార్క్ నగరమున, వాల్ స్ట్రీటునకు సమీపముననే, కార్యశాల తెరచినారు. ధనవంతుల ముంగిటనే నిలిచినచో ధనము వచ్చునని వారి ఆశ. కంపెనీ ఏర్పడినది, వాటాలు అమ్మకమునకు వచ్చినవి. కాని అదే సంవత్సరము మే నెలలో అమెరికాలో పెద్ద ఆర్థిక సంక్షోభము తలయెత్తి బ్యాంకులు చెల్లింపులు ఆపివేసినవి. క్రొత్త వస్తువుపై పెట్టుబడి పెట్టువారు కరవైనారు. కార్యశాల నడచుటకు చాలినంత ధనము ఎన్నడును చేతికి రాలేదు. కుక్ సైతము కొంతకాలమునకు విడిపోయినాడు.

డేవెన్‌పోర్ట్ మాత్రము యంత్రములను చేయుచునే యున్నాడు. చిన్న బండిని నడిపిన మోటారు అంతకంటె అక్కరకు వచ్చు పనియు చేయగలదని చూపుటకు, 1840లో తన మోటారుతోనే అచ్చుయంత్రమును నడిపి, విద్యుదయస్కాంత విషయములను తెలుపు ఒక పత్రికను స్వయముగా అచ్చువేసి వెలువరించినాడు. విద్యుత్తుతో అచ్చు పని జరుగుట లోకమున అదివరకు ఎన్నడును కనని సంగతి. ఆ పత్రిక ఎక్కువకాలము నిలువలేదు.

ఇంతకును ఆయన మోటారు లోకమున ఏల చెల్లుబాటు కాలేదు? యంత్రములో దోషమున్నదా? లేదు. దోషమంతయు దానికి ఆహారమును పెట్టు బ్యాటరీలో ఉన్నది. ఆ కాలపు బ్యాటరీలో రాగిరేకును, తుత్తునాగపు రేకును ఆమ్లములో ముంచి ఉంచెదరు. జింకు అని మనమందరము పిలుచు లోహమే తుత్తునాగము. విద్యుత్తు పుట్టినంతసేపు ఆ తుత్తునాగము ఆమ్లములో కరిగిపోవుచుండును. పొయ్యిలో కట్టె ఎట్టిదో బ్యాటరీలో తుత్తునాగము అట్టిది. అయితే ఈ కట్టె వెల బొగ్గు వెలకంటె ఎన్నో రెట్లు అధికము. ఆ లోహమును ఖనిజమునుండి తీయుటకే చాల బొగ్గును కాల్చవలెను. బొగ్గును కాల్చి తుత్తునాగమును తీసి, దానిని కరగించి విద్యుత్తును పుట్టించి, ఆ విద్యుత్తుతో చక్రమును త్రిప్పుటకంటె, బొగ్గును నేరుగ ఆవిరియంత్రములో కాల్చుకొనుట చౌక. 1841 ప్రాంతమున ఇంగ్లండులో జేమ్స్ జౌల్ ఈ లెక్కను వేసి, ఒక పౌను తుత్తునాగము వలన జరుగు పని, మేలైన ఆవిరియంత్రములో ఒక పౌను బొగ్గు వలన జరుగు పనికంటె ఎంతో తక్కువయని తేల్చినాడు.

ధనమొక్కటి ఉండినచో డేవెన్‌పోర్ట్ గెలిచియుండెడివాడా? దీనికి చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. యాకోబికి రష్యా చక్రవర్తి ఖజానా అండగా నిలిచినది. ఆయన 1838లో నేవా నదిపై పదిమందికి పైగా కూర్చున్న పడవను విద్యుత్తు మోటారుతో నడిపినాడు. బ్యాటరీ ఖర్చును భరింపలేక ఆ ప్రయత్నమును మానుకొనవలసి వచ్చినది. స్కాట్లండులో రాబర్ట్ డేవిడ్‌సన్ 1842లో నిజమైన రైలుదారిపైననే విద్యుత్తు బండిని గంటకు 4 మైళ్ళ వేగమున నడిపినాడు. దాని గతియు అంతే అయినది. చక్రవర్తి ధనము చేయలేనిదానిని కమ్మరి ఇంటి పట్టుపేలికలు చేయలేకపోవుట నేరము కాదు. కాలము ఇంకను ఇయ్యని వస్తువును కొనుటకు ధనము చాలదు.

కాని ఈ లెక్కలన్నియు కుటుంబపు ఆకలిని తీర్చవు. కొలిమిలో నిప్పు ఆరిపోయి చాలకాలమైనది. లాడములు కొట్టించుకొనువారు మరియొక కమ్మరిని వెదకికొన్నారు. అప్పులు పెరిగినవి. 1840ల తొలిభాగమున డేవెన్‌పోర్ట్ న్యూయార్క్‌ను విడిచి బ్రాండన్‌కు తిరిగివచ్చినాడు. ఆరోగ్యము క్షీణించినది. అప్పటికిని ఆ చేతులు ఊరకుండలేదు. విద్యుదయస్కాంతములతో పియానో తీగలను మ్రోగించి, నాదము వెంటనే అణగిపోక సాగునట్లు చేయు సాధనముపై ఆయన ప్రయోగములు సాగించినాడు. 1851 జూలై 6వ తేదీన, వెర్మాంట్‌లోనే సాలిస్‌బరీ అను గ్రామమున మరణించినాడు. నలువది తొమ్మిదవ పుట్టినదినమునకు అప్పటికి మూడు దినములే కొదువ.

ఆయన పోయిన తరువాత, లోపించినవి ఒక్కొక్కటిగా సమకూడినవి. 1859లో ఫ్రాన్సున గాస్టన్ ప్లాంటే, శక్తి తీరిపోయిన తరువాత మరల విద్యుత్తును ఎక్కించుకొనదగిన సీసపు బ్యాటరీని కనిపెట్టినాడు. 1870 తరువాత గ్రామ్ అను నిపుణుని డైనమోలు ఆవిరితోను, నీటి ఉరవడితోను తిరిగి, విద్యుత్తును చౌకగా పుట్టింపసాగినవి. తుత్తునాగమును కాల్చు అవసరము తీరినది. 1881లో పారిస్ వీధిలో గుస్తావ్ ట్రూవే అను యంత్రశిల్పి మూడు చక్రముల బండికి మోటారును, బ్యాటరీని బిగించి నడిపినాడు. 1890 ప్రాంతమున అమెరికాలోని డి మాయిన్ నగరమున విలియం మారిసన్ ఒక గుర్రపు బండిని విద్యుచ్ఛకటముగా మార్చినాడు. 1895లో మన మదరాసు వీధులలోనే విద్యుత్తు ట్రాములు నడువ మొదలిడినవి. ఆ నగరమున అవి 1953 వరకు తిరిగినవి. 1900లో అమెరికాలో తయారైన 4,192 మోటారు బండ్లలో 1,575 విద్యుత్తుతో నడచునవే. తరువాత చమురు చౌకయై, పెట్రోలు బండ్లు వాటిని వెనుకకు నెట్టినవి. మరల మన కాలమున, తేలికయైన లిథియం బ్యాటరీలు వచ్చిన పిమ్మట, అవి వీధికెక్కినవి. ఆ బండ్లలో చక్రము తిరుగుటకు కారణమైన సూత్రము, బ్రాండన్ కమ్మరి తన కొలిమి ప్రక్కన కనిపెట్టుకొన్నదే.

ఇక మన ప్రశ్నకు వత్తము. డేవెన్‌పోర్ట్ పని ఫలింపలేదు. అది తప్పు పనియు కాదు. చక్రము తిరుగవలెనా, తిరిగినది. బండి నడువవలెనా, నడచినది. తిరుగుటకు కావలసిన శక్తి ఎచటనుండి, ఏ వెలకు వచ్చునో ఆ లెక్క మాత్రము ఆయన చేతిలో లేదు. దానిని ముందుగనే చూచుకొని, ఆగి, మరల కొలిమి వెలిగించుకొనియుండినచో ఆయన కుటుంబము సుఖపడియుండును అనుట నిజమే. ఆ సుఖమునకును, ఆ పట్టుదలకును నడుమ ఏది మేలని ఇంత దూరమున కూర్చుండి తీర్పు చెప్పుట సులభము కాదు. ఆ వెలను చెల్లించినది ఆయన ఒక్కడే కాదు, ఎమిలీయు, వారి బిడ్డలును, గుర్రమును కోల్పోయిన సోదరుడును.

పాఠశాలలలో ఈ కథను చెప్పు ఉపాధ్యాయులు పట్టువస్త్రము దగ్గర ఆగిపోకుందురు గాక. విప్పిన తీగను వరుసగా వ్రాసికొన్న వ్రాతను కూడ చెప్పవలెను, తుత్తునాగపు లెక్కను కూడ చెప్పవలెను. నేడు పెరటిలో పాత బండికి మోటారు బిగించు విద్యార్థియు ఈ రెండింటిని నేర్చుకొనినచో ఆయనకు మేలు. మోటారు సులభముగనే దొరకును; అది ఎట్లు తిరుగునో పుస్తకములు చెప్పును. ఈనాటికిని ఆ బండిలో అన్నిటికంటె వెల హెచ్చైనది బ్యాటరీయే. 1834లో కమ్మరిని ఆపినదియు, నేటి యువకుడు మొదట లెక్క చూచుకొనవలసినదియు ఒక్కటే. ఆ లెక్క వేయునప్పుడు, ప్రక్కన కూర్చుండి వ్రాసికొనువారి పేరును కూడ కాగితముపై వ్రాయుట మరువకుండవలెను.